కోడిని చూస్తూ అన్నం తిన్నవాడు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోను చేసినప్పుడు, నేను పోటీ పరీక్షల గురించో, క్రమశిక్షణ గురించో రాస్తానని అనుకొని ఉంటారు. అవి రాయగల పెద్దలు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక సినిమా గురించి రాస్తున్నాను. హాస్టల్ పత్రికలో సినిమా ముచ్చట ఏమిటని ఎవరూ నొచ్చుకోవద్దు. చివరిదాకా చదివితే అది మన అన్నం ముచ్చటే అని మీకే తెలుస్తుంది.

నేను ఉంటున్నది హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌లో. ఆ మాట చెప్పగానే ఊళ్ళో అందరూ "హీరోలు కనబడతారా?" అని అడుగుతారు. ఫిల్మ్‌నగర్ అంటే పైన బంగళాలు, కింద బస్తీలు. నేను కింది ఫిల్మ్‌నగర్‌లో ఉంటాను. మా గల్లీలో లైట్‌మన్లు, డ్రైవర్లు, షూటింగుల్లో భోజనాలు వడ్డించే ప్రొడక్షన్ బాయ్‌లు, బంగళాల్లో పని చేసే ఆడవాళ్ళు ఉంటారు. వాళ్ళ పిల్లలకే నేను దగ్గర్లోని ఒక బడిలో తెలుగు చెబుతాను.

నేను చెప్పబోయే సినిమా 'అహ నా పెళ్ళంట'. 1987లో వచ్చింది. జంధ్యాల దర్శకుడు. సురేష్ ప్రొడక్షన్స్ పేరుమీద డి.రామానాయుడు నిర్మించారు. ఆయన పేరు పెట్టుకున్న స్టూడియో మా ఫిల్మ్‌నగర్‌లోనే ఉంది. ఆదివిష్ణు రాసిన 'సత్యంగారి ఇల్లు' నవల ఈ కథకు ఆధారం. సినిమా పేరేమో 1957 నాటి 'మాయాబజార్'లోని పాట నుంచి వచ్చింది.

కథ తెలియని చిన్న తమ్ముళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. నూతన్ ప్రసాద్ కోటీశ్వరుడు. అతని ఒక్కగానొక్క కొడుకు కృష్ణమూర్తి, అంటే రాజేంద్రప్రసాద్, ఒక పెళ్ళిలో రజని అనే కథానాయిక వేసిన పద్మను చూసి మనసు పడతాడు. ఆ అమ్మాయి తండ్రి లక్ష్మీపతి పరమ పిసినారి. అలాంటివాడితో వియ్యం తనకు వద్దంటాడు కోటీశ్వరుడు. కొడుకు మొండికేస్తే ఒక పందెం పెడతాడు. నువ్వు నా కొడుకువని తెలియనీయకుండా ఆ పిసినారిని ఒప్పించు, అప్పుడు చూద్దాం అంటాడు. కృష్ణమూర్తి ఆ ఊరికి వెళ్ళి, లక్ష్మీపతి ఇంట్లోనే అద్దెకు దిగి, అతన్ని మించిన పిసినారిగా నటిస్తాడు. ఎవరు ఎవరిని మించుతారన్నదే సినిమా.

లక్ష్మీపతి వేషం కోట శ్రీనివాసరావుది. నిర్మాత మొదట రావుగోపాలరావును అనుకున్నారనీ, జంధ్యాల పట్టుబట్టి తనతో వేయించారనీ కోట ఇంటర్వ్యూలలో చెబుతుండేవారు. అంతకు రెండేళ్ళ ముందే, 1985లో, 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్యగా జనాన్ని వణికించిన మనిషి ఆయన. అదే కోట ముతక పంచె కట్టుకొని, ప్రతి మాటకూ "నాకేంటి?" అని అడుగుతూ తెరమీదికి వస్తే జనం పొట్ట పట్టుకొని నవ్వారు. నాకు మాత్రం ఆ ఇద్దరూ అన్నదమ్ముల్లా కనిపిస్తారు. కాశయ్య కత్తి పట్టుకొని చేసే పనిని లక్ష్మీపతి లెక్కల పుస్తకం పట్టుకొని చేస్తాడు. అంతే తేడా.

ఇక అందరికీ తెలిసిన సీను. లక్ష్మీపతికి కోడికూర తినాలని ఉంటుంది. ఖర్చు పెట్టాలని ఉండదు. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. తెలుగునాట ఈ సీను తెలియని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. ఎవరైనా లోభి కనబడితే "వీడు కోడిని చూస్తూ తినే రకం" అంటాం. సినిమాలోని సీను సామెతగా మారడం చిన్న విషయం కాదు.

మేము ఈ సినిమాను మొదటిసారి హాస్టల్లోనే చూశాం. అవి తొంభైల మొదటి రోజులు. సంక్రాంతి సెలవుల ముందు రాత్రి తలా రెండు రూపాయలు వేసుకొని, టీవీ, వీసీపీ, మూడు క్యాసెట్లు కిరాయికి తెచ్చాం. డైనింగ్ హాల్లో రేకు డబ్బాల మీద టీవీ పెట్టాం. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక, కిటికీలో వాచ్‌మన్. మొదటి క్యాసెట్ ఇదే.

ఆ రోజుల్లో మన హాస్టల్ భోజనం ఎలా ఉండేదో నాతోటివాళ్ళకు చెప్పనక్కర లేదు. ప్రభుత్వం ఇచ్చే మెస్ చార్జీలకు అంతకన్నా వచ్చేదీ కాదు. దొడ్డు బియ్యం, అందులో రాళ్ళు. చారులో చెయ్యి పెడితే పప్పు బద్దలు దొరికేవి కావు, మన మొహం మాత్రం కనిపించేది. ఆదివారం ఒక కోడిగుడ్డు. ఇప్పటి తమ్ముళ్ళు సన్నబియ్యం అన్నం తింటున్నారు. తెలంగాణ హాస్టళ్ళలో అది 2015 జనవరిలో మొదలైందని గుర్తు పెట్టుకోండి. అంతకు ముందువాళ్ళు ఆ దొడ్డు బియ్యం మీదే పదో తరగతి పాసయ్యారు.

మన హాస్టల్ పక్కనే ఒక చిన్న హోటల్ ఉండేది. సాయంత్రం కోడికూర తాలింపు వాసన గోడ దాటి వచ్చేది. ఆ వాసన వచ్చే వేళకే కొందరు ప్లేట్లు పట్టుకొని గోడ పక్కన కూర్చునేవారు. వాసన మీద నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయని మా నమ్మకం. అంటే లక్ష్మీపతి కళ్ళతో చేసిన పని మేము ముక్కుతో అప్పటికే చేస్తున్నాం!

కాబట్టి ఆ సీను రాగానే హాలంతా ఎలా ఉండాలి? మన బాధను చూపించి నవ్విస్తున్నారని కోపం రావాలి. కానీ ఆ రాత్రి ఆ నవ్వులకు రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. నాలుగో తరగతి పిల్లల దగ్గర్నుంచి వంటాయన దాకా అందరూ పడీపడీ నవ్వారు. ఎందుకు నవ్వాం? ఆకలి మీద నవ్వు వస్తుందా? ఈ ప్రశ్న నాతో చాలా ఏళ్ళు నడిచింది. తెలుగు పంతుల్నయ్యాక హాస్యరసం గురించి పాఠం చెబుతున్నప్పుడు కూడా ఇదే గుర్తొచ్చేది.

జవాబు కోసం ఇంకో దేశం, ఇంకో సినిమా దాకా వెళ్ళాలి. చార్లీ చాప్లిన్ పేరు మీరు విన్నారు. ఆయన లండన్ నగరంలో పేదరికంలో పుట్టాడు. ఏడేళ్ళ వయసులో, తల్లి పోషించలేని స్థితిలో, పేదలను ఉంచే వర్క్‌హౌస్‌కు చేరాడు. తరవాత అనాథలు, నిరుపేద పిల్లలు చదివే బడిలో ఉన్నాడు. ఒక రకంగా ఆయనా హాస్టల్ పిల్లవాడే. 1925లో ఆయన తీసిన 'గోల్డ్ రష్'లో మంచుకొండల్లో తిండి దొరక్క తన బూటును ఉడకబెట్టుకొని తింటాడు. లేసులను సేమ్యాలా చుట్టుకొని తింటాడు. మేకులను ఎముకల్లా చప్పరిస్తాడు. అక్కడ మనకు నవ్వు వస్తుంది. దాని వెంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఏమీ లేనివాడు ఉన్నట్టు తింటున్నాడు కాబట్టి.

లక్ష్మీపతిది దీనికి సరిగ్గా తలకిందులు. అన్నీ ఉన్నవాడు లేనట్టు తింటున్నాడు. బీరువాలో డబ్బు ఉంది, ఊళ్ళో కోడి ఉంది, నోట్లో నీళ్ళు ఉన్నాయి. అయినా కోడికూర లేదు. అతనికి అడ్డం వచ్చింది పేదరికం కాదు, అతని బుద్ధి. అందుకే జాలి కలగదు, నవ్వొక్కటే వస్తుంది. ఆ నవ్వు మనవైపు తిరిగిన నవ్వు కాదని, మన చేతిలో ఉన్న నవ్వని హాస్టల్ పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. జీవితంలో మొదటిసారి మేము ఒక డబ్బున్నవాణ్ణి చూసి, భయపడకుండా, గట్టిగా నవ్వాం.

ఆ రాత్రి అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు నా పక్కన కూర్చున్నవాడు. పేరు రాయను. వాళ్ళ నాయన ఒక పెద్ద రైతు దగ్గర జీతగాడు. అప్పు కింద జీతం ఉన్నాడు. వెట్టిచాకిరీని నిర్మూలిస్తూ చట్టం 1976లోనే వచ్చింది. కానీ చట్టం వచ్చిన సంగతి అప్పుకు ఎవరూ చెప్పలేదు, అది పెరుగుతూనే ఉంది. వాడు నవ్వింది కోడి సీనుకు కాదు. అరగుండు వచ్చినప్పుడల్లా వాడు లేచి నిలబడి నవ్వాడు.

అరగుండు అంటే బ్రహ్మానందం. సగం గుండుతో, లక్ష్మీపతి దగ్గర చాకిరీ చేసే నౌకరు. యజమాని ఎదుట వంగి ఉంటాడు. లోపల మాత్రం కుతకుత ఉడుకుతూ, నాశనమైపోతావని శాపనార్థాలు పెడుతుంటాడు. ఆ శాపాలు యజమానికి వినబడవు, సినిమా చూసేవాళ్ళందరికీ వినబడతాయి. జంధ్యాల గొప్పతనం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. దొర ముందు నోరు తెరవలేని మనిషి ఇంటికి వెళ్ళేదారిలో ఒక్కడే గొణుక్కుంటాడు చూడండి, ఆ గొణుగుడుకు మైకు పెట్టాడు. నా పక్కవాడు తన నాయన నోట ఎన్నడూ పైకి రాని మాటలు టీవీలోంచి వస్తుంటే విన్నాడు. అదీ వాడి నవ్వు.

బ్రహ్మానందం సంగతి కూడా మన పిల్లలు తెలుసుకోవాలి. గుంటూరు జిల్లాలో పేద కుటుంబంలో పుట్టి, తెలుగులో ఎం.ఏ. చేసి, పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో కాలేజీ లెక్చరర్‌గా పాఠాలు చెప్పిన మనిషి ఆయన. ఈ సినిమాతోనే రాష్ట్రమంతటికీ తెలిశారు. తరవాత వందల సినిమాల్లో నటించి గిన్నిస్ రికార్డు దాకా వెళ్ళారు. 2009లో పద్మశ్రీ అందుకున్నారు.

పిసినారి మీద నవ్వడం మనవాళ్ళతో మొదలైన పని కాదు. ఫ్రెంచి నాటకకర్త మోలియర్ 1668లోనే ఒక పిసినారి తండ్రి మీద నాటకం ఆడించాడు. అక్కడా కూతురి పెళ్ళి దగ్గరే చిక్కు. ముసలివాడైనా సరే, కట్నం అడగడు కాబట్టి వాడికే పిల్లనిస్తానంటాడు ఆ తండ్రి. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ నాటకం ఆడుతున్నారంటే, రోగం పాతదీ, మొండిదీ అన్నమాట. మన లక్ష్మీపతి ఆ రోగానికి రెండే మాటల పేరు పెట్టాడు. అదే "నాకేంటి?"

ఈ "నాకేంటి?"ని నేను ఇంటర్‌లో చేరినప్పుడు నిజంగా చూశాను. స్కాలర్‌షిప్ కోసం ఆదాయం సర్టిఫికెట్ కావాలి. ఒక ఆఫీసు చుట్టూ తొమ్మిది రోజులు తిరిగాను. రోజూ ఒకే గుమాస్తా, ఒకే చూపు. నోటితో రేపు రమ్మంటాడు, కళ్ళతో "నాకేంటి?" అంటాడు. పదో రోజు ఆ చూపు చూడగానే కోట శ్రీనివాసరావు గుర్తొచ్చి నాకు ఉన్నట్టుండి నవ్వు వచ్చేసింది. ఆయనకు అర్థం కాలేదు. "ఏంరా నవ్వుతున్నవ్?" అన్నాడు. ఏం లేదు సార్ అన్నాను. కాగితం ఆ రోజు రాలేదు, ఇంకో నాలుగు రోజులు పట్టింది. కానీ ఆ రోజు నుంచి ఆ కిటికీ ముందు నిలబడితే నా కాళ్ళు వణకలేదు. వ్యంగ్యం సర్టిఫికెట్ ఇప్పించలేదు తమ్ముళ్ళూ, వెన్ను మాత్రం నిలబెట్టింది.

సినిమాలో లోటు లేదా అంటే ఉంది. అందులో అందరికన్నా బాగా పస్తులు నటించేవాడు కోటీశ్వరుడి కొడుకు. అతని పిసినారితనం పందెం. పందెం గెలవగానే తన ఇంటికి, తన భోజనానికి వెళ్ళిపోతాడు. అరగుండు ఆకలి పందెం కాదు, అతనికి వెళ్ళడానికి ఇంకో ఇల్లు లేదు. జంధ్యాల అరగుండుకు నోరిచ్చారు గానీ కథ ఇవ్వలేదు. పెళ్ళి కథలో నౌకరుకు అంతకన్నా చోటు దొరకదేమో. ఆ కథ ఇంకా ఎవరో రాయాల్సే ఉంది. మన హాస్టళ్ళలో చదువుకున్నవాళ్ళు కాక ఇంకెవరు రాస్తారు?

2025 జూలై 13న కోట శ్రీనివాసరావు ఫిల్మ్‌నగర్‌లోని తన ఇంట్లోనే కన్నుమూశారు. అంతకు మూడు రోజుల ముందే ఆయనకు 83 నిండాయి. జంధ్యాల 2001లోనే, రామానాయుడు 2015లో వెళ్ళిపోయారు. ఆ ఆదివారం పైదారి అంతా కార్లు, పోలీసులు, కెమెరాలు. మా గల్లీలో ప్రతి ఇంట్లో టీవీ మోగుతోంది. మాటిమాటికీ కోడి సీను వేస్తున్నారు. ఏడవాల్సిన రోజున కూడా జనం ఆయన్ను చూసి నవ్వుతున్నారు. నటుడికి అంతకన్నా మంచి సాగనంపు ఏముంటుంది?

మర్నాడు క్లాసులో పిల్లలు అదే మాట ఎత్తారు. "సార్, కోడి కొనే పైసలున్నప్పుడు కొనుక్కొని తినొచ్చు గదా?" అని ఒకడు అడిగాడు. నేను చాలా ఏళ్ళు ఆలోచించింది వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. అంతలో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "మా అమ్మ పనిచేసే ఇంట్ల ఫ్రిజ్‌కు తాళం ఉంటది సార్" అంది. క్లాసు అంతా నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వింది. లక్ష్మీపతి చచ్చిపోలేదనీ, బంగళా కట్టుకొని బాగానే ఉన్నాడనీ నాకు అర్థమైంది. అరగుండు కూతురు బడికి వస్తోందని కూడా అర్థమైంది. ఈ రెండో సంగతి నాకు ధైర్యమిచ్చింది.

చివరగా, నా సొంత ముచ్చట ఒకటి చెప్పాలి. సినిమా చూసిన తరవాత చాలాకాలం హాస్టల్లో నా పేరు లక్ష్మీపతి. కారణం కోడిగుడ్డు. ఆదివారం మధ్యాహ్నం గుడ్డు ఇచ్చేవారు. సాయంత్రం అమ్మ, చెల్లె నన్ను చూడడానికి వచ్చేవారు. నేను గుడ్డు తినకుండా కాగితంలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచి చెల్లెకు ఇచ్చేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం ఊళ్ళో నాట్లు పడి వాళ్ళు రాలేకపోయారు. ఇవాళ వస్తారు, రేపు వస్తారని మంగళవారం దాకా దాచాను. మంగళవారం రాత్రి నా పెట్టె ఎక్కడుందో గదిలో ఎవరికీ చూపించాల్సిన పని లేకపోయింది. ముక్కు మూసుకొని అందరూ నా చుట్టూ మూగారు. పెట్టె తెరిచి, గుడ్డు బయటికి తీసి, "లక్ష్మీపతి! లక్ష్మీపతి!" అని హాలంతా ఊరేగించారు.

నాకు ఏడుపు ఆగలేదు. అల్లరి విని వంటాయన వచ్చాడు. నన్ను అడిగి సంగతి తెలుసుకున్నాడు. చదువు రాని మనిషి. ఆయన అన్న మాట నేను ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ చదవలేదు. "ఒరే, ఆ లక్ష్మీపతి పరాయోళ్ళ నోటికాడిది దాసుకుంటడు. వీడు తన నోటికాడిది దాసి ఇంకొకరికి పెడ్తుండు. రెండూ ఒకటెట్లయితయిరా?" అన్నాడు. గది నిశ్శబ్దమైంది. పేరు మాత్రం పోలేదు. కానీ ఆ తరవాత ఆదివారాల్లో చెల్లె వచ్చినప్పుడు నేను ఇచ్చే గుడ్డు పక్కన ఇంకొకటి, ఒక్కోసారి ఇంకో రెండు కనబడేవి. ఎవరు పెట్టేవారో ఇన్నేళ్ళయినా ఎవరూ చెప్పలేదు. ఈ సంచిక చదివైనా చెబితే, వాళ్ళకు మా ఇంట్లో కోడికూర భోజనం ఖాయం. వేలాడదీసినది కాదు, వండినదే!

తమ్ముళ్ళూ, మీలో చాలామంది ఇంటికి పంపడం కోసం, చెల్లె ఫీజు కోసం, అమ్మ మందుల కోసం రూపాయి రూపాయి దాచుకుంటారు. పట్నంలో ఉద్యోగంలో చేరాక తోటివాళ్ళు మిమ్మల్ని పిసినారి అంటారు. చాయ్ తాగించడని నవ్వుతారు. అప్పుడు మా వంటాయన లెక్క గుర్తు చేసుకోండి. దాచింది ఎవరి నోటికాడిది? చేరేది ఎవరికి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు బాగుంటే ఎవరు ఏ పేరు పెట్టినా తల దించుకోనక్కర లేదు. రేపు మీకు జీతం, కుర్చీ, సంతకం వచ్చిన రోజున, మీ కిటికీ ముందు మన పిల్లవాడొకడు కాగితం పట్టుకొని నిలబడతాడు. ఆ రోజు మీ కళ్ళు "నాకేంటి?" అనకుండా చూసుకోండి.

ఈసారి వార్షికోత్సవం రాత్రి హాస్టల్లో అందరూ కలిసి 'అహ నా పెళ్ళంట' చూడండి. చిన్నవాళ్ళను ముందు కూర్చోబెట్టండి. వంటవాళ్ళను, కమాటీని, వాచ్‌మన్‌ను కూడా పిలిచి కుర్చీలు వేయండి. అరగుండు వచ్చినప్పుడు ఎవరు ఎక్కువ నవ్వుతారో గమనించండి. మర్నాడు వాళ్ళ పక్కన కూర్చొని ఎందుకు నవ్వారో అడగండి. మీకు రాయదగిన కథ ఒకటి దొరుకుతుంది. వచ్చే సంచికలో ఆ కథ చదవాలని ఎదురుచూస్తూ, సెలవు తీసుకుంటున్నాను.

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి,
ఫిల్మ్‌నగర్, హైదరాబాదు